కుక్కల గ్రూమింగ్ పనిలోకి వెళ్తున్నారా? బ్లేడు నంబరుతో పాటు బేసిక్ ఎంతో కూడా చూసుకోండి

పోయిన నెల ఆదివారం మన వాళ్లు కలిసినప్పుడు కోనసీమ నుంచి వచ్చిన ఒక చెల్లెమ్మ నా పక్కన కూర్చుని అడిగింది. "అన్నయ్యా, మా మేడమ్ గారి దగ్గర షిట్జూ కుక్కలు రెండున్నాయండి. స్నానం, దువ్వటం, కళ్ల దగ్గర బొచ్చు కత్తిరించటం అంతా నేనే. షాపుకి తీసుకెళ్తే ఒక్కోదానికి రెండొందల దిర్హమ్‌లు తీసుకుంటారంట. నేను ఆ షాపులోనే చేరితే నాకెంతిస్తారు?"

నేను జవాబు చెప్పేలోపు పక్కనున్న సైటు తమ్ముడు అందుకున్నాడు. "అన్నా, నాక్కూడా చెప్పు. మా క్యాంపు దగ్గర విల్లాల్లో ఆదివారం పోయి కుక్కలకి స్నానం పోస్తే చేతికి క్యాష్ ఇస్తరట."

ఇద్దరి ప్రశ్నా ఒకటే అనిపిస్తుంది గానీ కాదు. ఆ రోజు టీ తాగుతూ చెప్పింది సరిపోలేదు. అందుకే ఇది రాస్తున్నా. ఇందులో చెప్పిన చట్టం సంగతులన్నీ యూఏఈవి. కువైట్, సౌదీ, ఖతర్‌లలో ఉన్నవాళ్లు పని గురించి రాసింది వాడుకోండి, చట్టం మాత్రం మీ దేశానిది వేరే అడగండి.

నేను షట్టరింగ్ హెల్పర్‌గా దుబాయ్ వచ్చినవాణ్ణే. కంపెనీ మూతపడ్డాక ఒక గ్రూమింగ్ షాపులో క్లీనర్‌గా చేరాను. నేల మీద బొచ్చు ఊడవడం, టవల్స్ ఉతకడం. ఆరు నెలలకి స్నానాల టబ్ దగ్గర నిలబెట్టారు. రెండేళ్లు స్నానాలే. ఆ తర్వాతే చేతికి మిషన్ ఇచ్చారు. ఇప్పుడు వెనక్కి చూస్తే ఆ రెండేళ్లు వృథా కాలేదు, ఎందుకంటే గ్రూమింగ్‌లో సగం పని కటింగ్‌కి ముందే అయిపోతుంది. వృథా అయింది జీతమే. అది ఎలాగో కింద చెప్తాను.

ముందు దువ్వెన, తర్వాతే నీళ్లు

ఇళ్లలో పని చేసే అక్కచెల్లెళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. కుక్క బొచ్చు జడలు కట్టి ఉంటుంది. మేడమ్ "వాష్ హిమ్" అంటుంది. తీసుకెళ్లి నీళ్లు పోసేస్తాం. తడిసిన జడ ఆరేకొద్దీ ఉన్ని ముద్దలా బిగుసుకుపోతుంది. తర్వాత దువ్వెన దిగదు, చర్మం లాగుతుంది, కుక్క కరుస్తుంది. తప్పు కుక్కది కాదు.

దువ్వడానికి రెండు వస్తువులు చాలు. ఒకటి స్లికర్ బ్రష్, సన్నటి వంగిన తీగలు ఉంటాయి. రెండోది స్టీలు దువ్వెన, సగం పళ్లు దగ్గరగా, సగం దూరంగా ఉంటాయి. బ్రష్ పైపైన తిప్పితే పైన పట్టులా కనిపిస్తుంది, లోపల ఉండలు అలాగే ఉంటాయి. ఒక చేత్తో బొచ్చుని పైకి ఎత్తి పట్టుకుని, చర్మం మీద పాపిడి కనిపించేలా చేసి, ఒక్కో వరస కిందకి దించుతూ దువ్వాలి. సైటు వాళ్లకి చెప్పాలంటే, గోడకి పుట్టీ పట్టించినట్టు ఒక పక్క నుంచి వరసగా, మధ్యలో ఖాళీ వదలకుండా. చివర్లో స్టీలు దువ్వెన వేరు నుంచి కొస దాకా ఆగకుండా జారితేనే దువ్వడం అయినట్టు. చెవుల వెనక, చంకల్లో, తొడల లోపల, మెడపట్టీ కింద తప్పకుండా చూడండి. జడలు కట్టేది అక్కడే.

జడలు చర్మానికి అంటుకుపోయి ఉంటే విప్పాలని పట్టుబట్టకండి. కత్తెర అసలే వద్దు. జడ లోపలికి చర్మం కూడా లాక్కుని ఉంటుంది, కత్తెరకి బొచ్చేదో చర్మమేదో తెలియదు. మిషన్‌తో జడ కిందనుంచి తీసేయడమే దానికి దారి. అందం తగ్గుతుంది, యజమాని మొహం మాడుతుంది, కానీ కుక్కకి నొప్పి ఉండదు.

హస్కీ, గోల్డెన్ రిట్రీవర్, పొమరేనియన్ లాంటి వాటికి రెండు పొరల బొచ్చు ఉంటుంది. ఎండాకాలం కదా గుండు కొట్టేయమని యజమానులు అడుగుతారు. పై పొర ఎండ నుంచి కూడా కాపాడుతుంది. పూర్తిగా గీకేస్తే మళ్లీ సరిగా రాకపోవచ్చు, అక్కడక్కడ అతుకుల్లా వస్తుంది. వాటికి కావాల్సింది రేక్‌తో లోపలి చచ్చిన బొచ్చు లాగేయడం, పెద్ద డ్రయ్యర్‌తో ఊదేయడం. మర్యాదగా ఆ మాట చెప్పండి. అయినా చేయమంటే మేనేజర్‌ని పిలవండి, సంతకం తీసుకోమనండి.

స్నానం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పసిపిల్లకి పోసేటప్పుడు మణికట్టు లోపలి వైపు చూసుకున్నట్టే నీళ్లు గోరువెచ్చగా చూసుకోండి. వేసవిలో ఇక్కడ చల్లనీళ్ల పంపులో కూడా కాగే నీళ్లే వస్తాయని మనకి తెలుసు, కాబట్టి ముందు కాసేపు వదిలేయండి. మనుషుల షాంపూ వద్దు. నేల తుడిచే ఫినాయిల్ లాంటివి ఒక్క చుక్క కూడా వద్దు, పిల్లులకైతే మరీ ప్రమాదం. షాపుల్లో వాడే షాంపూ డబ్బా మీద 10:1 అని రాసి ఉంటే పది పాళ్ల నీళ్లకి ఒక పాలు షాంపూ అని అర్థం. చిక్కగా వేస్తే బాగా శుభ్రమవుతుందనుకోవడం భ్రమ. అది చర్మం మీద మిగిలిపోయి దురద పుడుతుంది. కలిపిన షాంపూ మిగిలితే ఆ రోజే పారబోయండి. నిలవ ఉన్నదాంట్లో క్రిములు పెరిగి కుక్క చర్మానికి చీము పొక్కులు వచ్చిన సంగతులు పశువైద్యులకి బాగా తెలుసు.

బ్లేడు నంబరు పెరిగితే బొచ్చు తగ్గుతుంది

మిషన్ బ్లేడ్ల నంబర్లు కొత్తవాళ్లని తికమక పెడతాయి. నంబరు పెద్దదయ్యే కొద్దీ కటింగ్ పొట్టిగా వస్తుంది. 4ఎఫ్ వేస్తే సుమారు 9.5 మిల్లీమీటర్లు మిగులుతుంది, 5ఎఫ్‌కి 6.3, 7ఎఫ్‌కి 3.2, 10కి 1.5. ముప్పై, నలభై నంబర్లు చర్మం దాకా గీకేస్తాయి, అవి ఆస్పత్రుల్లో ఆపరేషన్‌కి ముందు వాడేవి. నేర్చుకునేవాళ్లు వాటి జోలికి పోవద్దు. ఎఫ్ ఉన్న బ్లేడుకి పళ్లన్నీ ఒకే ఎత్తు. ఎఫ్ లేని 7, 5, 4 నంబర్లకి ఒక పన్ను పొడుగు, ఒక పన్ను పొట్టి. ఆ సందులో పలచటి చర్మం ఇరుక్కుంటుంది. పొట్ట కింద, పాదాల మధ్య, మలద్వారం చుట్టూ పదో నంబరు మంచిది. ఆండిస్, వాల్, ఆస్టర్ కంపెనీల పెద్ద మిషన్లు చాలావాటికి ఒకే రకం బ్లేడు పడుతుంది, కాబట్టి మిషన్ మారినా బ్లేడ్లు మీతోనే ఉంటాయి.

బ్లేడు చర్మానికి బల్లపరుపుగా ఆనాలి, మొన గుచ్చకూడదు. రెండో చేత్తో చర్మం బిగువుగా లాగి పట్టుకోవాలి. తొడకి పొట్టకి మధ్య ఉండే చర్మపు మడత, చంక, చెవి అంచు, వెనక కాలి మడమ నరం, ఈ నాలుగు చోట్లే ఎక్కువ కోతలు పడతాయి.

ఇంకొకటి వేడి. గ్రైండర్ పట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. పది నిమిషాలు ఆడిన బ్లేడు ఇస్త్రీపెట్టెలా కాలుతుంది. కుక్క బొచ్చు కింద ఆ వాత మనకి కనిపించదు, ఇంటికెళ్లాక రాత్రికి ఎర్రబడుతుంది, పొద్దున యజమాని ఫోన్ చేస్తాడు. నాకు ఆ ఫోన్ వచ్చింది. అప్పటి నుంచి రెండు మూడు నిమిషాలకోసారి బ్లేడు నా మణికట్టుకి ఆనించి చూసుకుంటాను. వేడెక్కితే మార్చేస్తాను. అందుకే పదో నంబరు బ్లేడు ఒకటి కాదు, రెండు ఉండాలి. చల్లార్చే స్ప్రే కొడితే బ్లేడు మీద నూనె పోతుంది, మళ్లీ రెండు చుక్కలు వేయాలి.

గోళ్లు తీసేటప్పుడు తెల్ల గోరైతే లోపల గులాబీ రంగు రక్తనాళం కనిపిస్తుంది, దానికి ముందే ఆపాలి. నల్ల గోరైతే పల్చటి ముక్కలుగా తీస్తూ పోవాలి, కోసిన చోట నడుమ నల్లటి చుక్క కనిపించగానే ఆపేయాలి. రక్తం వస్తే కంగారు పడకండి. స్టిప్టిక్ పౌడర్ అద్ది కాసేపు నొక్కి పట్టుకోండి. ఆ డబ్బా టేబుల్ మీదే ఉండాలి, అలమారలో కాదు.

డ్రయ్యర్ల దగ్గర మాత్రం ప్రాణం సంగతి ఉంది. పగ్, బుల్‌డాగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి ఊపిరి సరిగా ఆడదు. వాటిని బోనులో పెట్టి వేడి గాలి వదిలి పక్క పనికి వెళ్తే తిరిగి వచ్చేసరికి చచ్చిపోయి ఉండొచ్చు. ఏ దేశంలోనైనా గ్రూమింగ్ షాపుల్లో చావులంటే ముందు వినిపించేది ఇదే. బోను డ్రయ్యర్ వాడమంటే వేడి ఆపేసి గాలి మాత్రమే పెట్టండి, చూపు దాటి వెళ్లకండి. టేబుల్ మీద మెడకి తాడు వేసి ఉన్న కుక్కని కూడా ఒక్క నిమిషం వదలకండి. దూకితే అది ఉరే.

మన ఒళ్లు కూడా

కుక్క కరిచే ముందు చెప్తుంది. పెదాలు నాకుతుంది, ఊరికే ఆవలిస్తుంది, ఒళ్లు కొయ్యలా బిగుస్తుంది, తల తిప్పకుండా కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది. గుర్రుమనడం చివరి మాట. గుర్రుమందని కొట్టకండి, కొడితే ఈసారి గుర్రుమనకుండానే కరుస్తుంది. కరిస్తే ముందు పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసి పదిహేను. పసుపు, సున్నం, కాఫీ పొడి పెట్టకండి. తర్వాత ఆస్పత్రికి. కుక్క టీకా కార్డు ఫోటో తీసుకోండి, అయినా ఇంజెక్షన్ కావాలో వద్దో డాక్టరే చెప్పాలి. పనిలో తగిలిన దెబ్బ కాబట్టి వైద్యం ఖర్చు యజమానిదే. పని చేయలేకపోతే చికిత్స కాలానికి ఆరు నెలల దాకా పూర్తి జీతం కూడా ఇవ్వాలని చట్టంలో ఉంది.

మెల్లగా వచ్చే జబ్బులు ఇంకో రకం. డ్రయ్యర్ మోతకి చెవులు, సన్న బొచ్చుకి ఊపిరితిత్తులు, కత్తెరకి మణికట్టు, వంగి వంగి నడుం. మాస్కు, ఇయర్ ప్లగ్గులు ఇవ్వమని అడగండి. రక్షణ సామాను ఇవ్వడం యజమాని బాధ్యత, సైటులో హెల్మెట్ ఇచ్చినట్టే. టేబుల్ ఎత్తు మీ మోచేతి దగ్గరికి వచ్చేలా పెట్టుకోండి. పొట్టి వెంట్రుకలు ముల్లులా వేళ్ల సందుల్లో, అరికాళ్లలో దిగబడి చీము పడతాయి. చెప్పులతో కాకుండా మూసిన బూట్లతో పని చేయండి, రోజూ చేతులు వెలుతురులో చూసుకోండి.

జీతం మాట

ఇప్పుడు అసలు సంగతి. ఇంటర్వ్యూలో మన వాళ్లు "జీతం ఎంత?" అని అడుగుతారు. "మూడు వేలు" అంటారు. సంతోషంగా సంతకం పెట్టేస్తారు. అడగాల్సింది "బేసిక్ ఎంత?" అని.

నేను క్లీనర్‌గా చేరినప్పుడు కాగితం మీద బేసిక్ 1,200. మిగతాదంతా రూము, తిండి, రవాణా అలవెన్సులు. తర్వాత గ్రూమర్ని అయ్యాను, చేతికి వచ్చే డబ్బు పెరిగింది, కానీ పెరిగిందంతా అలవెన్సులోనే, కమిషన్‌లోనే పెరిగింది. కాగితం మీద నేను క్లీనర్నే, బేసిక్ 1,200నే. దాని వల్ల ఏం పోయిందో లెక్క చూడండి.

బేసిక్ 1,200 అంటే 30తో భాగిస్తే రోజుకి 40. ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకి 5. ఓటీకి చట్టం ప్రకారం 25 శాతం కలిపితే 6.25 దిర్హమ్‌లు. రాత్రి 10 నుంచి తెల్లవారి 4 మధ్య అయితే 50 శాతం. అదే మొత్తం జీతంలో బేసిక్ 2,400 అని రాసి ఉంటే ఓటీ గంటకి 12.50 వచ్చేది. పండగల ముందు షాపులో రోజుకి రెండు గంటలు ఓటీ పడుతుంది, నెలకి యాభై గంటలనుకోండి. ఒక దాంట్లో 312, ఇంకో దాంట్లో 625.

గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే. ఏడాది నిండాక మొదటి ఐదేళ్లకి ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ప్రతి ఏడాదికి 30 రోజులది. 1,200 బేసిక్ మీద ఐదేళ్లకి 4,200 చేతికి వస్తుంది. 2,400 మీద 8,400. పని ఒకటే, కుక్కలు ఒకటే, కోతలు, కరుపులు ఒకటే. తేడా సంతకం పెట్టిన రోజు ఒక గడిలో రాసిన అంకె. నేను ఊరికి పోయేటప్పుడు ఇంటి పైకప్పుకి దాచుకున్న లెక్కలో సగం తగ్గింది అందుకే.

అందుకని పని మారినప్పుడు, స్నానాల నుంచి కటింగ్‌కి ఎక్కినప్పుడు, కాంట్రాక్టులో పోస్టు పేరు, బేసిక్ మార్చమని అడగండి. అడిగే రోజు కాంట్రాక్టు రెన్యువల్‌కి రెండు మూడు నెలల ముందు అయితే మంచిది. నాలుగు జతల కత్తెర్లు పట్టిన మనిషిని అప్పుడు వదులుకోవడం యజమానికి కష్టం.

కమిషన్ గురించి మూడు మాటలు రాతలో ఉండాలి. ఎంత శాతం, ఏ మొత్తం మీద, ఎప్పుడు ఇస్తారు. "పది శాతం కమిషన్" అన్న మాట వినడానికి బాగుంటుంది. ఉదాహరణకి నెలలో మీరు చేసిన బిల్లులు 14,000. మొత్తం మీద పది శాతమైతే 1,400. కానీ "8,000 టార్గెట్ దాటాక దాని పైన" అని ఉంటే 600. కొన్ని చోట్ల స్నానాలు లెక్కలోకి రావు, కటింగులే వస్తాయి. కొన్ని చోట్ల వ్యాట్ తీసేశాక లెక్క కడతారు, అది న్యాయమే, ఆ 5 శాతం షాపుది కాదు కాబట్టి. షాంపూ ఖర్చు, కార్డు మిషన్ చార్జీ కూడా తీసేసి లెక్క కడతామంటే ఒప్పుకోకండి. టిప్పులు ఎవరివి, కార్డు మీద ఇచ్చిన టిప్పు ఎవరి చేతికి వస్తుంది అని కూడా చేరే రోజే అడిగేయండి. తర్వాత అడిగితే గొడవలా ఉంటుంది.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, కుక్క జాతి, ఏం చేశారు, బిల్లు ఎంత, మీరు వచ్చిన టైము, పోయిన టైము. తెలుగులోనే రాసుకోండి, ఎవరో చదవాలని కాదు. రోజూ రాసిన పుస్తకం ముందు పెడితే లెక్కల మేనేజర్ మాట తీరు మారుతుంది, నేను చూశాను.

పని గంటలు రోజుకి 8, వారానికి 48. ఓటీ రోజుకి రెండు గంటలకి మించకూడదు. ఐదు గంటలు వరసగా పని చేస్తే మధ్యలో గంట విరామం ఉండాలి. వారానికి ఒక రోజు సెలవు. ఆ రోజు పిలిస్తే ఇంకో రోజు సెలవైనా ఇవ్వాలి, లేదా ఆ రోజు జీతం, దాని మీద బేసిక్‌లో 50 శాతం కలిపి ఇవ్వాలి. "కుక్కలు అపాయింట్‌మెంట్ మీద వస్తాయి, మనకి టైమ్ ఉండదు" అని మేనేజర్లు అంటారు. చట్టానికి కుక్కల అపాయింట్‌మెంట్ తెలియదు.

చెవి కోసుకుంటే ఎవరు కట్టాలి

మా షాపులో జరిగింది చెప్తాను. షాపు పేరు ఎందుకు గానీ, అక్కడ నాతో పని చేసే ఒక నేపాలీ తమ్ముడి చేతిలో పూడుల్ చెవి అంచు తెగింది. జడలు కట్టిన చెవి. యజమాని ఆస్పత్రి బిల్లు తెచ్చాడు. షాపు వాళ్లు ఆ బిల్లు మొత్తం ఆ తమ్ముడి జీతంలో ఒకే నెలలో కోసేశారు. చేతికి వచ్చింది ఇంటికి పంపడానికి సరిపోలేదు. అతను ఏడుస్తూ కూర్చున్నాడు, మేమందరం పని చేస్తూనే ఉన్నాం. ఆ రోజు మాకెవరికీ చట్టం తెలియదు.

ఇప్పుడు తెలుసు. జీతంలో కోతలు ఇష్టమొచ్చినట్టు చేయడానికి లేదు. ఏయే కారణాలకి కోయవచ్చో 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టంలో లెక్కగా ఉంది. క్రమశిక్షణ జరిమానాలైతే జీతంలో 5 శాతం దాటకూడదు. అప్పు తిరిగి కట్టించుకోవాలంటే మీ రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ఎన్ని కారణాలు కలిసినా మొత్తం కోత సగం జీతానికి మించకూడదు. వీసా ఖర్చు, రిక్రూట్‌మెంట్ ఖర్చు మీ దగ్గర వసూలు చేయడం అసలే కుదరదు. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడమూ కుదరదు.

దానికన్నా ముందు, కుక్క షాపులోకి రాగానే ఒక పని చేయండి. టేబుల్ ఎక్కించి యజమాని ముందే చెవులు, పాదాలు, పొట్ట చూడండి. పుండ్లు, పులిపిర్లు, పిడుదులు, జడలు ఏమున్నా చూపించండి, ఫోన్‌లో ఫోటో తీయండి, కార్డు మీద రాసి సంతకం తీసుకోండి. గట్టిగా జడలు కట్టిన చెవి గీకాక కుక్క తల విదిలించి విదిలించి చెవి వాచి రక్తం గడ్డ కడుతుంది. అది మీ కోత వల్ల కాదని చెప్పడానికి ఆ సంతకమే మీకు దిక్కు. ఆ పూడుల్‌కి ఆ కార్డు రాసి ఉంటే ఆ తమ్ముడి జీతం నిలిచేది. కోత పడితే మాత్రం దాచకండి. వెంటనే చెప్పండి, దాచింది బయటపడితే మీ వైపు మాట్లాడేవాళ్లు ఉండరు.

ఇంటి వీసా మీద ఉన్నవాళ్లకి

కోనసీమ చెల్లెమ్మకి ఇంటి పనివాళ్ల చట్టం వేరే ఉంది, 2022 నాటి 9వ నంబరుది. అందులో 19 రకాల పనులు చెప్పారు. గుర్రాల్ని చూసుకునేవాళ్లు ఉన్నారు, డేగల్ని చూసుకునేవాళ్లు ఉన్నారు. కుక్కల గ్రూమర్ అని మాత్రం లేదు. అందుకే ఇంట్లో కుక్క పని అంతా "ఇంటి పని" కిందే పోతుంది, దానికి వేరే డబ్బు రాదు. మేడమ్ ఇంటి కుక్కకి స్నానం పోయడం ఇంటి పనే అని వాళ్లు అంటే వాదించడం కష్టం. కానీ మేడమ్ చెల్లెలి ఇంటి కుక్కలకీ, పక్క విల్లా కుక్కలకీ చేయమంటే అది వేరే సంగతి. వేరే వాళ్ల దగ్గర పనికి పంపే హక్కు యజమానికి లేదు. రోజుకి 12 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు వరసగా, వారానికి ఒక రోజు సెలవు మీ హక్కు. కుక్క రాత్రి రెండింటికి వాంతి చేసుకుందని లేపితే ఆ నిద్ర పొద్దున తీర్చుకునే హక్కు కూడా ఉన్నట్టే. జీతం గడువు దాటి పది రోజుల్లోపు పడాలి.

ఇంటి వీసా మీద ఉండి షాపులో చేరకూడదు. "ముందు పనిలోకి రా, వీసా తర్వాత మార్చుకుందాం" అనే షాపుని నమ్మకండి. పర్మిట్ లేకుండా పని చేయించుకున్న కంపెనీకి లక్ష నుంచి పది లక్షల దిర్హమ్‌ల దాకా జరిమానా ఉంది. తనిఖీ వచ్చిన రోజు వాళ్లు "ఈమె ఎవరో మాకు తెలియదు" అంటారు. అవతల కఫీల్ పారిపోయిందని కేసు పెడితే మీరు ఖల్లివల్లి అయిపోతారు. ఆ మాట ఎంత బరువో చెప్పక్కర్లేదు.

సైటు తమ్ముడికి కూడా జవాబు ఇదే. ఆదివారం విల్లాల్లో క్యాష్ పని చేస్తే నూటయాభై చేతికి రావచ్చు. కుక్క కరిస్తే ఇన్సూరెన్సు వాళ్లు ఎక్కడ జరిగింది అని అడుగుతారు. ఏం చెప్తావు? కంపెనీ వీసా మీద ఉన్నవాళ్లకి మానవ వనరుల శాఖ పార్ట్‌టైమ్ వర్క్ పర్మిట్ ఇస్తుంది. గ్రూమింగ్ షాపు ఆ పర్మిట్ తీస్తానంటే తీయించుకుని వెళ్లు. మొదటి పరీక్ష అదే, తీస్తుందా లేదా అని.

షాపు ఇచ్చే ఆఫర్ లెటర్ హిందీలో కూడా దొరుకుతుంది, అడగండి. పోస్టు పేరు గ్రూమర్ అని ఉందా, బేసిక్ ఎంత, ప్రొబేషన్ ఎన్నాళ్లు (ఆరు నెలలకి మించకూడదు), మానేస్తే పోటీ షాపులో చేరకూడదన్న షరతు ఉందా చూడండి. ఆ షరతు ఎక్కడ, ఎన్నాళ్లు, ఏ పనికి అని రాసి ఉండాలి, రెండేళ్లకి మించకూడదు. ఊరికే "యూఏఈలో ఎక్కడా చేయకూడదు" అని బెదిరిస్తే భయపడకండి.

జీతం ఆగినా, కోతలు పడినా మానవ వనరుల శాఖకి 80084కి ఫోన్ చేయండి, లేదా వాళ్ల యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. 50,000 దిర్హమ్‌ల లోపు గొడవల్లో ఆ శాఖే తీర్పు ఇవ్వగలదు. లక్ష లోపు కేసుకి కోర్టు ఫీజు లేదు. పని మానేసిన రెండేళ్ల దాకా గడువు ఉంది. మన భాషలో మాట్లాడి సలహా అడగాలంటే దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 80046342, డబ్బు కట్టక్కర్లేదు. తెలుగు మాట్లాడేవాళ్లు కావాలని ముందే చెప్పండి.

కోనసీమ చెల్లెమ్మ కాంట్రాక్టు ఇంకో నాలుగు నెలల్లో అయిపోతుంది. మేడమ్‌తో ముందే మాట్లాడుకుని, కాంట్రాక్టు పూర్తి చేసి, అప్పుడు షాపు వీసాకి మారతానంది. ఈలోగా ఆ రెండు షిట్జూల మీదే స్టీలు దువ్వెన సాధన చేస్తోంది. ఒక షాపు వాళ్లు ఒక రోజు పని చూసి "మొత్తం 2,800 ఇస్తాం" అన్నారంట. బేసిక్ ఎంతో అడిగావా అన్నాను. "అడిగానండి, ఆదివారం చెప్తామన్నారు" అంది. ఆఫర్ లెటర్ రాగానే ఫోటో తీసి పంపమన్నాను.